కలిసి కట్టిన కీర్తన

ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట, మందిరము వెలుపల వేపచెట్టు నీడను నిలిచి, మీరును మీ యిద్దరు స్నేహితులును “ఈ యేడు కోతపండుగకు మనమే యొక క్రొత్త పాట కట్టుదము” అని యెన్ని పర్యాయములు అనుకొనలేదు? అనుకొనిన తరువాత రెండు మూడు సాయంత్రములు కూర్చుండుటయు, ఒకరు వ్రాసి తెచ్చిన చరణము మరియొకరికి రుచింపకపోవుటయు, వరుస కుదిరినచోట మాట కుదరక, మాట కుదిరినచోట తాళము తప్పి, ఎవరి మనస్సున వారు నొచ్చుకొని, కడపట “పాత పాటయే పాడుదములెండు” అని లేచిపోవుటయు ఎన్నో సంఘములలో జరుగుచున్నదే. అంతమాత్రమున మీకు పాట కట్టు శక్తి లేదని తలంపకుడు. ముగ్గురు స్నేహితులు కూర్చుండి పాడదగిన కీర్తన నొకదానిని కూర్చుట పద్ధతి యెరిగినవారికి సాధ్యమైన కార్యమే. పద్ధతియో, నేర్చినచో వచ్చునది.

ఈ యధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే. సంఘారాధనకై కట్టు పాట, చదువురాని అవ్వ మొదలు సండే స్కూలు పిల్లవాని వరకు అందరును నోరార పాడుటకు కట్టునది. కనుక అది ఆదినుండియు పదిమంది చెవిని బడి, పదిమంది నోట నలిగి, పదిమంది దిద్దుబాటునకు లోబడి రూపొందవలెను. ఒంటరిగా కూర్చుండి వ్రాయువానికి ఈ యవకాశము లేదు. స్నేహితులతో కూడి వ్రాయువారికి తొలినాటినుండియు కలదు. ఆ యవకాశమును పోగొట్టుకొనక వినియోగించుకొను విధమును ఇక వివరించెదను.

మీకు ముందు నడచినవారు

ఈ త్రోవలో మీరు మొదటివారు కారు. మెనోనైట్ సంఘములకు పూర్వికులైన పునర్బాప్తిస్మవాదులలో కొందరు, 1535వ సంవత్సరము మొదలు 1540 వరకు, డాన్యూబు నదీతీరమునందలి పస్సావు కోట చెరసాలలో బంధింపబడి, అచ్చటనే కీర్తనలు కట్టిరి. వారిలో పాట కట్టినవారు పలువురు. 1564లో అచ్చుపడిన ఆ కీర్తనలే ‘ఔస్‌బుండ్’ అను పాటల పుస్తకమునకు మూలమయ్యెను. అమెరికాలోని ఆమిష్ సంఘములవారు నేటికిని ఆరాధనలో ఆ పుస్తకమునే పాడుచున్నారు.

మన తెలుగు సీమకు వత్తము. రష్యానుండి బయలుదేరిన మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో ఇచ్చటికి వచ్చి నల్లగొండలో పని నారంభించునప్పటికే, గంజాము సీమలో జనించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పల్లవి, చరణములతో, రాగతాళములతో క్రీస్తుభక్తిని కీర్తించు మార్గమును తెలుగున స్థిరపరచియుండిరి. 1899లో అమెరికానుండి హీబర్ట్ దంపతులు వచ్చిన తరువాత మెనోనైట్ బ్రదరెన్ సంఘములు నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల, మహబూబునగరము, దేవరకొండ ప్రాంతములలో వ్యాపించినవి. మన కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోనుల నుండి చూచినచో గద్వాల తుంగభద్ర కావలి యొడ్డుదే; చుట్టరికములును, మగ్గపు పనియు, మాటతీరును ఏటిని దాటి రాకపోకలు చేయుచునే యున్నవి. కావున పాట కూడ ఆ గట్టున పుట్టి యీ గట్టున పాడబడుటకు, ఈ గట్టున పుట్టి యా గట్టున పాడబడుటకు అడ్డేమున్నది?

ఇక పనిలోనికి దిగుదము.

1. పాట యే సందర్భమునకో ముందుగా నిర్ణయింపుడు

“దేవునిమీద ఒక పాట వ్రాయుదము” అని కూర్చుండినవారు సాధారణముగా ఏమియు వ్రాయకయే లేచెదరు. ఏలయనగా అంత విశాలమైన విషయమున కలము ఎచ్చట మోపవలెనో యెవరికిని తోచదు. “బాప్తిస్మమునాడు నీళ్లలోనుండి లేచి వచ్చిన యౌవనస్థుని చుట్టు నిలిచి సంఘము పాడుటకు ఒక పాట” అని నిర్ణయించుకొనినచో సగము పని యైనట్లే.

అట్టి సందర్భము నెట్లు కనుగొనవలెను? మీ సంఘపు పాటల పుస్తకమును ముందుంచుకొని, ఒక కాగితముపై ఈ శీర్షికలు వ్రాయుడు: శత్రువును ప్రేమించుట, పగ విడిచి సమాధానపడుట, పెద్దవాడై యెరిగి విశ్వసించి పొందు బాప్తిస్మము, ఒకరి పాదములొకరు కడుగుట, ఒకరి భారము నొకరు మోయుట, ఆయుధము పట్టనను సాక్ష్యము. ఒక్కొక్క శీర్షిక క్రింద ఎన్ని పాటలు వచ్చునో లెక్కింపుడు. సిలువను గూర్చియు, రక్షణను గూర్చియు, స్తుతిని గూర్చియు మన పెద్దలు పుష్కలముగా వ్రాసిపెట్టిరి. కాని మెన్నో సైమన్స్ (1496–1561) కాలమునుండి మెనోనైట్ శాఖకు ప్రాణమువంటివైన పై విషయములపై మీ పుస్తకమున ఏది ఖాళీగా కనబడునో, అదియే మీ పాటకు తగిన చోటు.

విశేషించి పగ విడుచుటను గూర్చిన పాట ఈ సీమకు ఎంత యవసరమో వేరుగ చెప్పవలెనా? ముఠాకక్షలవలన పెంపు చెడిన కుటుంబములు, పండుగనాడు సైతము ఒకరి వీధికొకరు పోని దాయాదులు, తండ్రి కాలపు తగవును కొడుకు మోయుచున్న యిండ్లు మనకు తెలియనివి కావు. శాంతిని గూర్చి పాడుట ఇచ్చటివారికి అలంకారము కాదు, అక్కర.

2. పనిని మూడుగా పంచుకొనుడు

ముగ్గురును ఒకేసారి మాటలు వ్రాయబూనినచో ముగ్గురికిని తగవు. ముగ్గురును ఒకేసారి వరుస కట్టబూనినచో ఎవరికిని వరుస దక్కదు. కనుక తొలినాడే ఒకరు మాటలకు, ఒకరు వరుసకు, ఒకరు పరీక్షకు బాధ్యులు కావలెను. ఈ మూడవవాని పని తక్కువదని తలంపకుడు. అతడు సంఘము పక్షమున కూర్చుండి వినువాడు, “ఇది నాకు తెలిసినదా? రెండవసారి నేను పాడగలనా? పాడునప్పుడు నేనేమి ఒప్పుకొనుచున్నాను?” అను మూడు ప్రశ్నలను ప్రతి పంక్తికిని వేయువాడు. తరువాతి పాటకు ఈ పనులను మార్చుకొనుడు. అప్పుడు మాటలవానికి వరుసకట్టువాని కష్టమును, వారిద్దరికిని వినువాని విసుగును తెలియవచ్చును.

అయితే పంచుకొనుట యనగా విడిపోవుట కాదు. గద్వాల చీర నేయునపుడు నూలు ఒడలికి ఒక నాడె, పట్టు అంచులకు వేరు నాడెలు నడచుచుండగా, ప్రతి పోగుకడను నూలును పట్టును ఒకదానినొకటి పెనవేసికొని పోవును. ఒడలు ఒకచోట, అంచు ఒకచోట నేసి కడపట కుట్టుట యుండదు. కోడుమూరు మగ్గముల చెంత పెరిగినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. పాటయు నట్లే పంక్తి పంక్తికి మాటతో వరుస కలిసి నడువవలెను. అయిదు చరణములు వ్రాసి ముగించి, “దీనికి వరుస కట్టుము” అని మిత్రుని చేత పెట్టుట పొరపాటు.

3. వాక్యము చదివి, మాటలాడుకొని, ఆపైన వ్రాయుడు

మొదటి సాయంత్రము కలము పట్టకుడు. ఎంచుకొనిన వాక్యభాగమును, అది కొండమీది ప్రసంగములోనిది కానిండు, యోహాను 13వ అధ్యాయములోని పాదములు కడిగిన ఘట్టము కానిండు, ముగ్గురును వరుసగా బిగ్గరగా చదువుడు. చదివిన తరువాత ఒక్కొక్కరు తమ యింటనో, తమ వీధినో, తమ పనిచోటనో జరిగిన యొక సంగతిని ఆ వాక్యమునకు ముడివెట్టి చెప్పుడు. అప్పుడు దొరలు మాటలే పాటకు పనికివచ్చు మాటలు.

మీ సంఘములోనివారు ఏ మాటలతో బ్రదుకుచున్నారు? వాన తప్పిన యేడు, పత్తి తీసిన చేను, ఆదోని మార్కెట్టున తెగని ధర, అప్పు మీద నేసిన చీర, హంద్రిలో నీరు లేని నెలలు, ఇల్లు తాళమువేసి సుగ్గికి పోయిన కుటుంబము. ఇవి కీర్తనలోనికి రాదగని మాటలని మీకెవరు చెప్పిరి? దావీదు గొఱ్ఱెలను, పచ్చికను, నీళ్లను విడిచి పాడెనా? సుగ్గిని గూర్చి మరియొక మాట. గుంటూరు సీమకు మిరపకాయ కోతకు వలసపోవు కుటుంబములు పాటల పుస్తకమును మూటలో పెట్టుకొని పోవుట యుండదు. నోటికి వచ్చిన పాటనే వెంట తీసికొనిపోవును. కనుక మీ పాట పుస్తకము లేకుండ ప్రయాణము చేయగలిగినది కావలెను. దానిని నేర్పుటయు వారు ఊరు విడువకమునుపే జరుగవలెను.

4. పల్లవి నిలిచినగాని చరణముల జోలికి పోకుడు

సంఘము నోట నిలుచునది పల్లవి. చరణములు మరచినవాడును పల్లవితో కలియును. అందుచేత సగము కాలమును పల్లవికే వెచ్చింపుడు. ఎట్లో యొక యుదాహరణమున చూతము.

ఒక సాయంత్రము కోడుమూరులో ముగ్గురు మిత్రులు కూర్చుండిరనుకొందము: ఒకరు బడిలో తెలుగు పండితుడు, ఒకరు మగ్గము నేయుచు డోలకు వాయించువాడు, ఒకామె ఆసుపత్రిలో నర్సు, మంచి గొంతు కలది. వారెంచుకొనిన విషయము పగ విడిచి సమాధానపడుట. పండితుడు వ్రాసి తెచ్చిన పల్లవి యిది:

శాంతిదాయక! సకలలోకాధినాయక!
సన్నుతింతుము నిన్ను సర్వవేళలను

నేతపనివాడు రెండు మారులు డోలకుపై తట్టి చూచి, “సారూ, సదవను బాగుండాది గానీ, మా అవ్వకు నోరు తిరగదు” అనెను. నర్సు, “పగ అనే మాటే లేదు కదా సార్ ఇందులో? పగ పెట్టుకున్నోడు ఈ పాట పాడేసి ఇంటికి పోతే వానికేం తగుల్తుంది?” అని యడిగెను. పండితుడు కొంతసేపు ఊరకుండి, కాగితమును త్రిప్పి, “పగవాడు ఎక్కడుంటాడమ్మా?” అనెను. “ఎదురింట్లోనే ఉంటాడు సార్” అని యామె బదులు చెప్పెను. అంతట ముగ్గురును ఆ యెదురింటి గడపనే తలచుచు, ఒకరు మాట యందిచ్చుచు, ఒకరు తాళము వేయుచు, ఒకరు పాడి చూచుచు, ఆ సాయంత్రమునకు ఈ రెండు పంక్తులను నిలుపుకొనిరి:

పగవాని గడపకు పంపుమయ్యా, మమ్ము
పలకరింపు మాటతో పంపుమయ్యా

ఈ రెంటికిని భేదమేమి? మొదటిది ఏ పండుగకైనను, ఏ కూడికకైనను చెల్లును; కనుకనే దేనికిని ప్రత్యేకముగా చెల్లదు. రెండవది పాడువానిని తన యింటినుండి లేపి ఎదురింటికి నడిపించును. పాడిన తరువాత ఊరకుండుట అతనికి కష్టమగును. పండితుని పాండిత్యము వ్యర్థమైనదా? కాలేదు, రెండు పంక్తులకును పకారముతో ఎత్తుగడ కూర్చి, “పంపుమయ్యా” అని ముడి వేసినవాడతడే. గడపను ఇచ్చినది నర్సు; నడకను ఇచ్చినది నేతపనివాడు. ఆ పల్లవి యెవరిదని యడిగినచో ముగ్గురిలో నెవరును “నాది” అనలేరు. మీ పల్లవి ఆ స్థితికి వచ్చినప్పుడు అది సిద్ధమైనదని తెలిసికొనుడు.

అటుపిమ్మట చరణము సులువుగ వచ్చును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయమున కోపమును ప్రొద్దు గ్రుంకువరకు నిలుపుకొనరాదను హెచ్చరిక యున్నది గదా. దానిని తలచుకొని వారు వ్రాసినది:

రచ్చకట్ట మీద రగిలిన మాటను
రాత్రి గాక ముందె ఆర్పుమయ్యా

మూడు చరణములు చాలును, నాలుగు మించనీయకుడు. ఒక్కొక్క చరణమున ఒక్కటే భావము, ఒక్కటే దృశ్యము ఉండవలెను.

5. వరుస నెన్నుకొనునప్పుడు

వరుస నాలుగు విధములుగా లభించును: కీర్తనల పుస్తకమునందు రాగతాళములు సూచింపబడిన పాత వరుస, పాశ్చాత్య సంగీతపు వరుస, మన యూరి భజనల, కోలాటముల, నాట్లపాటల వరుస, మీరే క్రొత్తగా కట్టినది. వీనిలో పాశ్చాత్యపు వరుసకు తెలుగు మాటలు తగిలించునపుడు, ఊనిక పడవలసినచోట పడక, మాట విరిగిపోవు ప్రమాదము కలదు. సినిమా వరుసను తెచ్చుకొనుట సుళువుగ తోచును గాని, సంఘము కనులు మూసికొని పాడుచుండగా సినిమాలోని ఆ ఘట్టమే వారి మనస్సున మెదలును. దానిని విడిచిపెట్టుటయే మేలు.

మన సీమలోని చెక్కభజన వరుస కీర్తనకు తగునా? ఈ ప్రశ్న తప్పక వచ్చును, కొందరు పెద్దలు “అది అన్యుల వరుస” అందురు, కొందరు యువకులు “వరుసలో తప్పేమున్నది?” అందురు. 1932లో షంషాబాదులో మెనోనైట్ బ్రదరెన్ మిషనరీల యింట జన్మించి, తెలంగాణమునందలి కొండూరను గ్రామముపై 1971లో గ్రంథము ప్రకటించిన పాల్ హీబర్ట్ ఇట్టి చిక్కులకు చక్కని మార్గమును సూచించెను. పాత యాచారమును చూడగానే స్వీకరింపవద్దు, చూడగానే త్రోసివేయవద్దు. మొదట దాని వెనుక నున్న అర్థమును తెలిసికొనుడు. తరువాత ఆ విషయమై వాక్యమేమి చెప్పుచున్నదో కలిసి చదువుడు. పిదప నిర్ణయమును సంఘమునకు విడువుడు. తుదకు సంఘ నిర్ణయముననుసరించి క్రొత్త రూపము నిండు. మీ వరుసను గూర్చియు ఈ నాలుగు మెట్లు ఎక్కుడు. ఆ వరుసకు ఒక ప్రత్యేక దేవతాస్తోత్రము జనుల చెవులలో విడదీయరానంతగా ముడిపడియున్నచో విడువుడు; కేవలము ఆటకును పాటకును నడకగా నున్నచో నిర్భయముగ గ్రహింపుడు.

ఏ వరుసయైనను, మధ్యస్థాయి షడ్జమునుండి తారస్థాయి షడ్జము వరకు గల మేరలో నుండిన యెడల సంఘమంతయు పాడగలదు. అంతకు మించినచో గాయకులు పాడుదురు, సంఘము వినుచుండును. ఆదితాళము, రూపకము చేతికి తెలిసినవి. చిక్కు లెక్కలుగల తాళములు కచేరీకి తగును గాని కూడికకు తగవు.

6. అక్షరము నిడివికి స్వరము నిడివి కుదురుచున్నదా?

తెలుగుపాటను పాడు చేయు దోషములలో ఇది మొదటిది. హ్రస్వాక్షరమునకు దీర్ఘస్వరము పడినచో మాట మారిపోవును. పై పల్లవిలో “పగ” అను మాటలోని మొదటి యక్షరమును వరుసకై సాగదీసినచో అది “పాగ” యై, పగవాడు కాస్త పాగా చుట్టినవాడగును. ఏమి చేయవలెను? మాటను మార్చనక్కరలేదు, సాగదీయు స్వరమును “వాని”లోని “వా” మీదికి జరుపుడు, అది స్వతస్సిద్ధముగ దీర్ఘమే. “గడపకు” అను నాలుగు హ్రస్వములు ఒక్క వేటులో చకచక పోవును; అచ్చట స్వరమును నిలుపకుడు.

దీనిని పరీక్షించుటకు సులభోపాయ మొకటి కలదు. వరుస లేకుండ, చేతితో తాళము మాత్రము వేయుచు, పంక్తిని మామూలుగ మాటలాడునట్లు చదువుడు. నాలుక తడబడినచోట గుర్తు పెట్టుడు. తరువాత ఒక్క ఊపిరిలో పంక్తి ముగియుచున్నదో లేదో చూడుడు. ఊపిరి మాట నడుమ తెగినచో, ఆ పంక్తిని కుదింపుడు. ప్రతి సాయంత్రము ముగియునప్పుడు సెల్‌ఫోనులో పాడి నిలువచేసికొనుడు. తెల్లవారిన తరువాత విన్నచో రాత్రి వినబడని లోపములు వినబడును.

7. స్నేహము చెడకుండ విమర్శించుట

పాటలు ఆగిపోవునది తరచుగా ఇచ్చటనే. మిత్రుని పంక్తిని “బాగులేదు” అనుట విమర్శ కాదు. “మొగమాటమునకు బాగున్నది” అనుట స్నేహము కాదు. అందుచేత తొలినాడే ఈ నియమముల నేర్పరచుకొనుడు:

అ) వ్రాసినవాడు తన పంక్తిని తాను చదువకూడదు, మరియొకడు చదువవలెను. అప్పుడు వ్రాసినవానికి తన పాట పరుని నోట ఎట్లుండునో వినబడును.

ఆ) దోషము చూపువాడు ఆ మాటకు బదులు మాటనైనను, ఒక ప్రశ్ననైనను ఇయ్యవలెను. నర్సు “పగ అనే మాటే లేదు కదా” అని యడిగినది గాని, “మీ పల్లవి పనికిరాదు” అనలేదు గదా!

ఇ) మాటల విషయమై కడపటి మాట మాటలవానిది, వరుస విషయమై వరుసవానిది, కాని బోధ విషయమై అనుమానము కలిగినచో ముగ్గురును ఆగి కాపరిగారిని అడుగవలెను.

ఈ) విడిచిన పంక్తులను చింపివేయకుడు, ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. ఒక పాటకు పనికిరానిది మరియొక పాటకు పనికివచ్చును; వ్రాసినవాని మనస్సునకును అది గౌరవము.

పగ విడువుమని పాట వ్రాయుచు, ఆ పాట మీదనే పగ పెంచుకొనుట తగునా? సమాధానమును గూర్చి సంఘమునకు నేర్పవలసినవారు ముందు తమ నోటుపుస్తకము మీద దానిని అభ్యసింపవలెను.

8. సంఘము నెదుట పరీక్షకు పెట్టుడు

పాట ముగిసినదని మీకు తోచిన దినమున అది సగమే ముగిసినది. మొదట కాపరిగారికిని ఇద్దరు సంఘపెద్దలకును మాటలు చదివి వినిపింపుడు. రెండవది, స్త్రీల సమాజమున పాడుడు. మన సంఘములలో పాటను నిలుపువారు వారే. చదువురాని యొక పెద్దావిడ ప్రక్కన కూర్చుండి, ఆమె ఏ మాటను మార్చి పాడుచున్నదో వినుడు. ఆమె మార్చిన మాట తరచుగా మీ మాటకంటె మేలైనదై యుండును. సంకోచింపక దానినే గ్రహింపుడు. మూడవది, సండే స్కూలు పిల్లలకు నేర్పుడు; వారు ఇంటికి పోవుచు త్రోవలో పల్లవి పాడినచో వరుస గెలిచినట్లే.

అటుపిమ్మట వరుసగా నాలుగు ఆదివారములు ఆరాధనలో పాడింపుడు. మొదటి ఆదివారము మీరే పాడుడు, సంఘము పల్లవి మాత్రము పలుకనిండు, రెండవ ఆదివారము ఒక చరణము, మూడవదాన అంతయు, నాలుగవ ఆదివారము హార్మోనియమును డోలకును ఆపి సంఘము గొంతుతోనే పాడింపుడు. వాద్యములు లేకుండ నిలిచిన పాట నిలిచిన పాట. గొంతులు సన్నగిల్లిన చోటులను గుర్తుంచుకొని ఆ పంక్తులను సవరింపుడు. ఉత్తర అమెరికాలోని మెనోనైట్ సంఘములు 2020లో ‘వాయిసెస్ టుగెదర్’ అను క్రొత్త పాటల పుస్తకమును వెలువరించినపుడు, దాని కూర్పును ఒక్క పండితునికి విడువక ఒక సమితికి అప్పగించినవి. పదిమంది తీర్పునకు లోబడుట ఈ శాఖకు క్రొత్త కాదు.

9. పేరును, హక్కును ముందే తేల్చుకొనుడు

1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము దృష్టిలో పాటలోని మాటలు ఒక కృతి, వరుస మరియొక కృతి. విడదీయరాకుండ ఉమ్మడిగ వ్రాసినదానికి హక్కు, ఆ రచయితలలో కడపట మరణించినవారి తరువాత 60 సంవత్సరముల వరకు నిలుచును. నిజమైన మతారాధనలో పాటను పాడుట ఉల్లంఘన కాదని 52వ సెక్షను చెప్పుచున్నది. కాని పరుల వరుసకు మాటలు కట్టి అచ్చువేయుటకును, యూట్యూబులో పెట్టుటకును ఆ మినహాయింపు చాలదు, అనుమతి కావలెను. కనుక పాట క్రింద మాటలెవరివో, వరుస యెవరిదో, ఏ సంవత్సరమో వ్రాసి, ముగ్గురును సంతకము చేసి, సంఘపు బీరువాలో నొక ప్రతి యుంచుడు. “స్నేహితులలో కాగితమెందుకు?” అని యడుగుదురా? స్నేహము చెడకుండుటకే.

సాధారణముగ జరుగు పొరపాట్లు

దేవుని బిరుదులతోనే చరణములు నింపి, సంఘము చేయవలసినదేమో చెప్పక విడుచుట యొకటి. ప్రాసకై అర్థము లేని మాటను చొప్పించుట రెండవది. ప్రాస తానై వచ్చినచో అందము, లాగి తెచ్చినచో భారము. బాగుగ పాడు ఒక్కరి గొంతుకు తగినట్లు వరుస కట్టుట మూడవది. పండుగకు ముందు వారము ఆరంభించుట నాలుగవది. క్రొత్త పాట వచ్చినదని పాత కీర్తనలను త్రోసిపుచ్చుట అయిదవది. మీ పాట వానికి తోబుట్టువు కావలెను గాని, వాని చోటును ఆక్రమింపరాదు.

ఒక నెల ప్రణాళిక

మొదటి వారము: పుస్తకము లెక్కించుట, విషయ నిర్ణయము, వాక్యపఠనము, మాటల సేకరణ. రెండవ వారము: పల్లవి మాత్రమే. మూడవ వారము: మూడు చరణములు, తాళముతో చదివి చూచుట, సెల్‌ఫోనులో పాడి వినుట. నాలుగవ వారము: కాపరిగారు, పెద్దలు, స్త్రీల సమాజము, పిల్లలు. తరువాతి నాలుగు ఆదివారములు సంఘమునకు విడువుడు. వారమునకు రెండు సాయంత్రములు, ఒక్కొక్క సాయంత్రము రెండు గంటలు కేటాయించినచో ఇంతయు సుకరమే; మగ్గము దిగినవారికిని, డ్యూటీ ముగిసినవారికిని, బడి విడిచినవారికిని అంత తీరిక దొరకకపోదు.

మిత్రులారా, మన పెద్దలు తమ కాలపు కష్టములనుండి తమ పాటలు కట్టి మనకు విడిచిపోయిరి. మన కాలపు వలసలను, కక్షలను, కరువులను, వాని నడుమ మనకు దొరకిన సమాధానమును గూర్చి మనము కట్టనిచో వేరెవరు కట్టుదురు? తీరికకై, మహాకవికై, మంచి హార్మోనియమునకై ఎదురుచూడకుడు. ఈ ఆదివారము ఆరాధన ముగియగానే మీ యిద్దరు మిత్రులను పిలిచి, పాటల పుస్తకము తెరచి, అందులో లేని పాట యేదో లెక్కింపుడు. లెక్కించిన నాడే మొదటి సాయంత్రము కూర్చుండుడు.